తాత తలపాగా ఎరుపా, నలుపా?

ఈ రోజు ఎపిసోడ్‌ని మా ఇంట్లో అరవై ఏళ్లుగా నడుస్తున్న ఒక గొడవతో మొదలుపెడతాను.

మా నానమ్మ, తాతల పెళ్లినాటి ఫోటో ఒకటుంది. 1962లో జనగామలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, స్టూడియోలో దిగిన ఫోటో. నానమ్మ కుర్చీలో కూర్చుంది. ఒక చెయ్యి పక్కనున్న బల్ల అంచు మీద ఉంది. తాత పక్కన నిలబడ్డాడు, తలకు పెద్ద తలపాగా. ఫోటోలో ఆ తలపాగా బొగ్గులాగా నల్లగా ఉంటుంది. నానమ్మ మాత్రం ఎప్పుడడిగినా ఒకటే మాట: "ఎర్ర రుమాలే బిడ్డా. నా చేతుల్తోని నేనే సందూకల నుంచి తీసిచ్చిన."

మా నాన్న, బాబాయ్, మేనత్తలు అందరూ నవ్వేవాళ్లు. పెద్దదైపోయింది, మర్చిపోయింది అనుకునేవాళ్లు. నేను కూడా అలాగే అనుకున్నాను. ఫోటో కళ్ల ముందు కనపడుతుంటే ఇంకేం మాట్లాడతాం? ఆ గొడవ నేను తీరుస్తానని అనుకోలేదు. ఇంకో పని మీద పోతే అది దానంతటదే తీరింది. ఎలాగో చెప్తాను. దానికి ముందు మీకో మనిషిని పరిచయం చేయాలి.

ఆయన పేరు దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. అంటే గవర్నమెంట్ ఉద్యోగి. స్కేలు, పెన్సిలు, బిల్డింగ్ ప్లాన్లు. 1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, సరదాగా కెమెరా పట్టుకున్నాడు. ఇప్పుడు మనవాళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ వీకెండ్ కెమెరా వేసుకుని తిరుగుతారు చూడండి, అదే బాపతు. కాకపోతే ఆయన సరదా చివరికి ఆయన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు దాకా తీసుకొచ్చింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం 'రాజా ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. 1897లో విక్టోరియా రాణి తన ఫోటోగ్రాఫర్‌గా గుర్తింపు ఇచ్చింది. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వైస్రాయ్ కర్జన్ దంపతులు చంపిన పులి పక్కన నిలబడిన ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అదీ వాళ్ల స్టూడియోదే.

ఇంత పేరు తర్వాత వచ్చింది. నాకు ఆసక్తి ఆ 1874 మీదే. అప్పట్లో ఫోటోగ్రఫీ మొదలుపెట్టడమంటే ఏం చేయాలి?

ముందు ఒక గాజు పలక కావాలి. దాని మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, పలకంతా సమంగా పరుచుకునేలా అటూ ఇటూ వంచాలి. చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, తడి ఆరకముందే డెవలప్ చేయాలి. మొత్తం ఓ పది, పదిహేను నిమిషాల పని. మన ఎండల్లో అంత టైం కూడా ఉండదు. అందుకే గుడి ఫోటో తీయడానికి వెళ్లినా వెంట ఒక చీకటి గుడారం, సీసాలు, తొట్లు, నీళ్లు, మోసే మనుషులు. 1851లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ఈ పద్ధతి బయటపెట్టాడు. 1871లో రిచర్డ్ మ్యాడాక్స్ అనే డాక్టరు జెలటిన్‌తో పొడి ప్లేట్ల దారి చూపించాడు. ఆ తర్వాత ఓ పదేళ్లకు కంపెనీలు డబ్బాల్లో రెడీమేడ్ ప్లేట్లు అమ్మడం మొదలైంది. గుడారం బాధ తప్పింది. దీన్ దయాళ్ ఈ రెండు కాలాల మధ్య పెరిగిన మనిషి.

సరే, కెమెరా అంత పెద్దది ఎందుకు? ఇది నన్ను చాలామంది అడిగారు. నేను కూడా మొదట్లో టెక్నాలజీ లేక అనుకున్నాను. అసలు కారణం చాలా సింపుల్. మనం ఫోన్లో రెండు వేళ్లతో జూమ్ చేసినట్టు అప్పుడు నెగెటివ్‌ని పెద్దది చేసి ప్రింట్ వేయడం కష్టం. ప్రింట్ కాగితాలకు సూర్యుడి వెలుగు కావాల్సి వచ్చేది. నెగెటివ్‌ని కాగితానికి ఆనించి, ఫ్రేములో బిగించి, ఎండలో పెట్టేవాళ్లు. ఆ కాగితం మీద పూత కోడిగుడ్డు తెల్లసొనతో. నెగెటివ్ ఎంత ఉంటే ఫోటో అంతే. గోడకు పెద్ద ఫోటో కావాలంటే పెద్ద గాజు కావాలి, పెద్ద గాజుకు పెద్ద కెమెరా కావాలి. అంతే.

దానివల్ల ఇంకో లాభం వచ్చింది. మీ ఫోన్ సెన్సర్ వేలి గోరంత ఉంటుంది. పాత రీలు కెమెరా నెగెటివ్ 24×36 మిల్లీమీటర్లు. ఇప్పుడు లార్జ్ ఫార్మాట్‌లో అందరూ మొదలుపెట్టే సైజు 4×5 అంగుళాలు, అంటే రీలు నెగెటివ్‌కి దాదాపు పదిహేను రెట్ల చోటు. నా కెమెరా ఫుల్ ప్లేట్, ఆరున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. దాని మీద చీర నేత దారాలు కూడా లెక్కపెట్టొచ్చు.

నా కెమెరా అన్నాను కదా, దాని సంగతి. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, మడతల తోలు బెల్లోస్. పాత సామాన్ల వ్యాపారి దగ్గర దొరికింది. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఇలాంటివి ఒకప్పుడు దేశంలో చాలాచోట్ల తయారయ్యేవి. వాటిలో కేరళ ఆలప్పుళలో తయారైన 'వాగీశ్వరి' కథ నాకు భలే ఇష్టం. 1940లలో కరుణాకరన్ అనే ఆయన మొదలుపెట్టారు. వాళ్లది సంగీత వాయిద్యాలు రిపేరు చేసే కుటుంబం. ఊళ్లో స్టూడియో ఆయన కెమెరా బెల్లోస్ చిరిగిపోతే వాళ్ల దగ్గరికి తెచ్చాడు. ఎందుకంటే హార్మోనియంకి కూడా బెల్లోసే కదా! అది బాగు చేసినవాళ్లు చివరికి కెమెరానే చేసేశారు.

నా కెమెరా బెల్లోస్‌కి కూడా వయసు మీద పడింది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చ్ బెల్లోస్ లోపల పెట్టి చూస్తే మడతల మూలల్లో చుక్కలు చుక్కలుగా వెలుగు. పదిహేడు చిల్లులు లెక్కపెట్టాను. నల్ల గుడ్డ ముక్కలు, జిగురు, రెండు ఆదివారాలు పట్టింది. మీరు పాత కెమెరా కొంటే ఈ టార్చ్ పరీక్ష కొనకముందే చేయండి. నేను కొన్నాక చేశాను.

వెనక గరుకు గాజు ఉంటుంది. నల్ల గుడ్డ తల మీద కప్పుకుని చూస్తే దాని మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, కుడి ఎడమలు కూడా మారిపోతాయి. మొదటి వారం నాకు తల తిరిగింది. మనిషి కొంచెం కుడికి జరగాలంటే నేను ఎడమ అనేవాణ్ని. తర్వాత ఓ రోజు అకస్మాత్తుగా అలవాటైపోయింది. పైగా తలకిందులుగా ఉండడం వల్ల మనిషి మొహం చూసి మోసపోం. వెలుగు ఎక్కడుంది, ఖాళీ ఎక్కడుంది అనేవే కనపడతాయి.

ఇంకో విషయం. చార్మినార్ దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి ఫోటో తీస్తే మినార్లు లోపలికి, వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి కదా? ఈ కెమెరాలో వెనక భాగాన్ని నిటారుగా ఉంచి, ముందున్న లెన్స్‌ని మాత్రం పైకి జరపొచ్చు. మినార్లు నిటారుగానే వస్తాయి. దీన్ దయాళ్ తీసిన కోటలు, మహళ్ల ఫోటోలు చూడండి, గోడలు గీత గీసినట్టుంటాయి. 1886లో వచ్చిన మధ్య భారత కట్టడాల పుస్తకంలో ఆయన ఫోటోలున్నాయి. అవి చూస్తే నాకు ఆ పబ్లిక్ వర్క్స్ డ్రాఫ్ట్స్‌మనే గుర్తొస్తాడు.

ఇప్పుడు అసలు సమస్య, ఫిల్మ్. లార్జ్ ఫార్మాట్ షీట్ ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతోంది. ఇల్‌ఫర్డ్, ఫోమా లాంటి కంపెనీలవి దొరుకుతాయి. 4×5తో మొదలుపెట్టేవాళ్లు ఆ దారిలో వెళ్లడమే మంచిది. హోల్డర్‌లో ముందొక షీటు, వెనకొక షీటు. పూర్తి చీకట్లో ఎక్కించాలి. షీటు అంచున చిన్న గాట్లుంటాయి. నిలువుగా పట్టుకుని అవి పైన కుడి మూలలో వేలికి తగిలితే మందు ఉన్న వైపు మన వైపుకు ఉన్నట్టు. కానీ ఖర్చు ఉంది. రెండు షీట్లు పాడైతే ఆ రోజు భోజనం రుచించదు.

అందుకని నేను ఎక్స్‌రే ఫిల్మ్ వాడాను. అవును, ఆసుపత్రిలో కాలు విరిగితే తీసేదే. ప్రపంచమంతా లార్జ్ ఫార్మాట్ నేర్చుకునేవాళ్లు చాలామంది చేసే పనే ఇది. చవక. 8×10 అంగుళాల షీట్లు కొని, చీకట్లో నా హోల్డర్ సైజుకి కోసుకున్నాను. హోల్డర్ గాజు పలక కోసం చేసింది, పల్చటి ఫిల్మ్ అందులో నిలబడదు. అద్దాల షాపులో అదే సైజుకి పల్చటి గాజు కోయించి ఫిల్మ్ వెనక పెట్టాను. షాపతను "ఇంత చిన్న ఫోటో ఫ్రేమా అన్నా?" అన్నాడు. అవునన్నాను, ఏం చెప్తాం.

ఈ ఫిల్మ్‌కి ఒక గుణం ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, మన గొడవకి అదే తాళంచెవి. ఇది నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని చూస్తుంది. ఎరుపు కనపడదు. దానికి ఎరుపంటే చీకటే. అందుకే బాత్రూంలో ముదురు ఎర్ర బల్బు పెట్టుకుని, కళ్లారా చూస్తూ డెవలప్ చేసుకోవచ్చు. బల్బు మంచిదో కాదో తెలియాలంటే దాని కింద ఫిల్మ్ ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి ఐదు నిమిషాలుంచి కడగండి. బిళ్ల గుండ్రం కనపడిందంటే ఆ బల్బు పనికిరాదు.

దీన్ దయాళ్ కాలం ప్లేట్లు ఇంకా మొండివి. నీలం తప్ప దాదాపు ఏమీ చూసేవి కావు. పాత ఫోటోల్లో ఆకాశం ఎప్పుడూ తెల్ల కాగితంలా ఖాళీగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ రోజుల్లో మబ్బుల్లేక కాదు. నీలి ఆకాశం, తెల్ల మబ్బు రెండూ ఆ ప్లేట్‌కి ఒకటే తెలుపు.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ అమెరికాలో ఉంది. 1927 ఏప్రిల్‌లో ఆన్సెల్ ఆడమ్స్ అనే 25 ఏళ్ల కుర్రాడు యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండ ఎదుటికి ఎక్కాడు. కెమెరా సైజు సరిగ్గా నాదే, ఆరున్నర బై ఎనిమిదిన్నర. వెంట 12 గాజు ప్లేట్లు. దారిలో కొన్ని అయిపోయాయి, కొన్ని పాడయ్యాయి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీసిన వెంటనే తను మనసులో చూసిన కొండ ఇది కాదనిపించింది. ఆఖరి ప్లేట్‌కి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఆయనవి అన్ని రంగులూ చూసే ప్లేట్లు కాబట్టి ఎర్ర ఫిల్టర్ ఆకాశంలోని నీలాన్ని ఆపేసి, దాన్ని దాదాపు నల్లగా చేసింది. ఆ ఫోటోతోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. అదే ఆకాశం, ఒక ప్లేట్ మీద తెలుపు, ఇంకో ప్లేట్ మీద నలుపు! ఇది చదివినప్పుడు కూడా నాకు మా తాత తలపాగా గుర్తురాలేదు, చూడండి నా తెలివి.

ఇక నానమ్మ దగ్గరికి. ఆమెకు ఎనభై దాటాయి. ఫోన్లలో ఆమె ఫోటోలు వందలున్నాయి, అన్నీ పెళ్లిళ్లలో, పక్కవాళ్ల భుజం మీదుగా. కూర్చోబెట్టి తీసిన ఫోటో 1962 తర్వాత లేదు. మొన్న చలికాలంలో రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక నేను కెమెరా, రెండు హోల్డర్లు పట్టుకుని జనగామ వెళ్లాను. హోల్డర్‌కి రెండు, మొత్తం నాలుగు షీట్లు.

అరుగు మీద నీడలో కుర్చీ వేశాను. నల్ల గుడ్డ చూడగానే ఆమె నవ్వింది. "గిదే డబ్బారా! అప్పుడు గూడ గిట్లనే గుడ్డల తలకాయ పెట్టిండు. ఊపిరి బిగపట్టుమన్నడు."

మా లెన్స్‌కి షట్టర్ లేదు. మూత తీయడం, లెక్కపెట్టడం, మూత పెట్టడం. లైట్ మీటర్ ఏదంటారా? ఫోన్లో యాప్! 150 ఏళ్ల పద్ధతికి మీ ఫోనే తోడు. యాప్ ఎఫ్ 32 దగ్గర 2 సెకన్లు చెప్పింది. కానీ దగ్గర నుంచి తీసేటప్పుడు బెల్లోస్ సాగుతుంది, వెలుగు తగ్గుతుంది. నా లెన్స్ 10 అంగుళాలది, బెల్లోస్ 12 అంగుళాలు సాగింది. 12 ఇంటు 12, 144. 10 ఇంటు 10, 100. అంటే 1.44 రెట్లు. 2 సెకన్లు కాస్తా దాదాపు 3 అయ్యాయి.

ఇంత లెక్క చేసి, మొదటి షీటుకి ఫోకస్ చూసుకున్నాక లెన్స్ మూత పెట్టడం మర్చిపోయి డార్క్ స్లైడ్ లాగేశాను. పోయింది. మొత్తం మాడిపోయింది. రెండోదానికి మూత తీసిన క్షణంలోనే గల్లీలోంచి ఎవరో "ఓ పెద్దమ్మా, బాగున్నవా?" అన్నారు. ఆమె తిరిగి "ఆఁ, బాగున్న" అంది. ఒకే షీటు మీద రెండు మొహాలు.

"ఒక్క ఫోటోకు గింత కథ ఏందిరా కొడుకా?" అంది నానమ్మ. నిజమే. చెమటలు పడుతున్నాయి నాకు. ఆ కాలంలో ఆడవాళ్ల ఫోటో అంటే ఇంకెంత కథ! పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు. మగవాళ్ల చూపు పడకుండా ఎత్తు గోడలు, లోపల పనంతా ఆడవాళ్లదే, నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆవిడ. ఈ కథ నానమ్మకి చెప్పాను. "గది మంచిపని. మావోడు ఎంతసేపు జూసిండో నా దిక్కు," అంది, 1962 స్టూడియో ఆయన్ని తిడుతూ.

మూడో షీటు కుదిరింది. నాలుగోదానికి నేనేమీ చెప్పలేదు. ఆమే పక్కనున్న స్టూల్‌ని దగ్గరకు లాక్కుని దాని అంచు మీద చెయ్యి పెట్టుకుంది. పెళ్లి ఫోటోలో పెట్టినట్టే. కదలకుండా ఉండడానికి అప్పుడు ఆయన నేర్పిన ఉపాయమట. ఒకటి, రెండు, మూడు. మూత పెట్టాను.

రాత్రి బాత్రూంలో ఎర్ర బల్బు కింద కూర్చున్నాను. ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండువైపులా మందు ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది. తొందరలో రెండు షీట్లు ఒకే ట్రేలో వేశాను. మూడోది నాలుగోదాని మూలకు రాసుకుని ఆమె బుగ్గ మీదుగా పెద్ద గీత. ఏడుపొచ్చింది. నాలుగోదాన్ని విడిగా తీసి, గాజు ట్రేలో, ఊపిరి బిగపట్టి కడిగాను. అది మిగిలింది.

తెల్లారి నెగెటివ్ ఆరాక, ఫోటో పేపర్ మీద పెట్టి, పైన గాజు అదిమి ప్రింట్ వేశాను. మొహంలో ప్రతి గీతా ఉంది. చేతి నరాలు కూడా. తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"గింత ముసల్దాన్నైననా?" అంది ముందు. ఎరుపు కనపడని ఫిల్మ్ చర్మాన్ని ముదురుగా చూపిస్తుంది, ముడతలు ఎక్కువ కనపడతాయి అని సర్దిచెప్పబోయాను. ఆమె వినట్లేదు. వేలు తన రవిక మీద పెట్టింది.

"నేను నిన్న తొడుక్కున్నది గీ రంగేనా?"

ఫోటోలో రవిక నల్లగా ఉంది. బొగ్గులాగా. నిన్న ఆమె వేసుకున్నది ఎర్ర రవిక. దండెం మీద ఇంకా ఆరుతోంది.

నేను అలా నిలబడిపోయాను. లోపలికి వెళ్లి గోడ మీద నుంచి పెళ్లి ఫోటో దింపుకొచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టాం. అన్ని రంగులూ చూసే ఫిల్మ్ 1962కి మార్కెట్లో ఉంది. కానీ ఎర్ర దీపం కింద చూసుకుంటూ కడుక్కోగలిగే ప్లేట్లని వదలని స్టూడియోలు కూడా ఉండేవి. తాత తలపాగా నలుపు, నానమ్మ రవిక నలుపు, రెండూ ఒకే నలుపు.

నానమ్మ నవ్వలేదు. "అరవై ఏండ్ల సంది నేనేం జెప్తున్నరా?" అంది.

ఆ రోజు మధ్యాహ్నమే మా నాన్నకి, బాబాయ్‌కి, అత్తలకి వీడియో కాల్ పెట్టాను. రవిక చూపించాను, ఫోటో చూపించాను. బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి నాన్న ధోతి అంచు ఏ రంగమ్మా?" అని అడిగాడు. పుట్టాక మొదటిసారి ఆ ఫోటో గురించి ఆమెను ఒక ప్రశ్న అడగడం అది. ఆమె గంటన్నర చెప్పింది. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను.

దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2857, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిలో నల్లగా కనిపించే ప్రతి షేర్వానీ, ప్రతి శాలువా అసలు ఏ రంగో చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు.

మా పెళ్లి ఫోటో వెనక మాత్రం పెన్సిల్‌తో రాశాను: రుమాలు ఎరుపు, ధోతి అంచు ఆకుపచ్చ, కుర్చీ స్టూడియోది. పక్కన ఆమె పేరు, చెప్పిన తేదీ.

సరే మరి, ఉంటాను.